అరువు మెలకువ

ఝాన్సీలాంటి కోడలు దొరకడం అదృష్టమని వార్డంతా కోడై కూస్తుంటే మాణిక్యమ్మకి ఒళ్ళు మండుకొచ్చింది.

పొద్దున్నే బీపీ చూడ్డానికొచ్చిన సిస్టరు అదే అంది. ఎదురు మంచం మీద ముసలాయన కూడా అదే అన్నాడు. నేల తుడిచే మనిషైతే బకెట్టు పక్కన పెట్టి మరీ అంది. మీ కోడలు కూర్చున్న కుర్చీలోంచి కదలదండి, నోట్లోంచి మాట రాదండి, ఏం చెప్పినా తల ఊపుతుందండి, ఈ రోజుల్లో ఇలాంటి మనిషి ఎక్కడుందండి అని. మాణిక్యమ్మ అన్నిటికీ ఊఁ కొట్టింది. తుంటిలో కడ్డీ వేయించుకుని మంచాన పడున్న మనిషికి వాదించే ఓపిక ఎక్కడిది? కాకపోతే, వాళ్ళు పొగుడుతున్న ఆ ఆడది ఎవరో ఆవిడకి అంతుపట్టలేదు. ముప్పై ఏళ్ళుగా ఆవిడ ఎరిగున్న ఝాన్సీకి నోరు మూసుకోవడం ఎలాగో తెలీదు.

కాకినాడ జగన్నాథపురంలో వీధి వసారాలో అత్తాకోడళ్ళిద్దరిదీ టిఫిను దుకాణం. తెల్లారకముందే లేచి ఒకరు పొయ్యి దగ్గర, ఒకరు గ్రైండరు దగ్గర చేరేవారు. చేరిన దగ్గర్నుంచీ మాటకి మాటే. పచ్చడిలో ఉప్పు తగ్గిందని అత్త అంటే, మీ నాలిక మొద్దుబారిందండి అత్తయ్యగారూ, ఉప్పునేం అనకండి అని కోడలు అనేది. అట్టు మాడిందని కోడలు అంటే, నీ నోటి వేడికే మాడిందని అత్త అనేది. పెసరట్టు తినడానికి వచ్చినవాళ్ళు ఈ కాలక్షేపం కోసం ఇంకో కాఫీ చెప్పి కూర్చునేవారు. మాణిక్యమ్మ కొడుకు వీర్రాజు పోర్టులో క్రేను నడుపుతాడు. ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. వాళ్ళిద్దరి మధ్యా తల దూర్చకూడదన్న జ్ఞానం అతనికి పెళ్ళైన కొత్తలోనే కలిగింది, అప్పట్నుంచీ మాట్లాడకుండా తిని చెయ్యి కడుక్కుని పోతాడు. ఆ ఇద్దరాడవాళ్ళకీ ఒకరంటే ఒకరికి ఇష్టమో కాదో అడిగినవాళ్ళు లేరు. ఒకరి గొంతు వినపడకపోతే మాత్రం రెండోవారికి తోచేది కాదు.

ఒలికిన పిండి మీద కాలు జారి మాణిక్యమ్మ పడింది. తుంటి ఎముక విరిగింది, ఆపరేషను తప్పదన్నారు. ఆవిడ కత్తికి భయపడలేదు, ఆ తరవాత రాబోయేదానికి భయపడింది. ఆవిడ అక్క నాగరత్నానికి కూడా ఇలాగే తుంటి విరిగితే ఆపరేషను చేశారు. మర్నాటికల్లా సంధి పుట్టింది. గోడ మీద తేళ్ళు పాకుతున్నాయని అరిచింది. కన్నకొడుకుని పట్టుకుని దొంగవెధవ అంది. సెలైను సూది పీకేసుకుంటోందని రెండు చేతులూ గాజుగుడ్డతో మంచానికి కట్టేశారు. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, అందర్నీ బూతులు తిడుతూ ఆ కట్లతోనే పోయింది. ఆ మణికట్ల మీద పడ్డ ఎర్రటి చారలు మాణిక్యమ్మ కళ్ళలోంచి ఇప్పటికీ పోలేదు.

"చావంటే నాకు భయం లేదండి," అని ఆవిడ డాక్టరుతో అంది. "చచ్చేలోపు నేను నేను కాకుండా పోతానేమోనని భయం."

ఆ డాక్టరు పేరు రెహానా. ఆసుపత్రిలో పెద్దవయసువాళ్ళ వార్డు ఆమెదే. నిద్ర చాలని కళ్ళు, చేతిలో ఎప్పుడూ చల్లారిపోయిన టీ. మీరు సంధి అంటున్నదాన్నే మేం డెలీరియం అంటాం, దాన్ని రాకుండా ఆపే వస్తువు ఒకటి తయారుచేశాం అంటూ జేబులోంచి రెండు గుడ్డ పట్టీలు తీసింది. చూడ్డానికి తలనొప్పికి కట్టుకునే పట్టీల్లాగే ఉన్నాయి, లోపలివైపు మాత్రం సన్నటి రాగి తీగెలున్నాయి.

మనిషి మెలకువకి ఒక లయ ఉంటుందట. ఆపరేషను, మత్తుమందు, నొప్పి, కొత్త చోటు, ఇన్ని ఒక్కసారి మీద పడితే ముసలివాళ్ళలో ఆ లయ తప్పుతుందట. పక్కన నిలకడగా ఉన్న మనిషి లయని ఒక పట్టీ అందుకుని రెండో పట్టీకి పంపిస్తే, తడబడే మెదడు దాన్ని ఆసరా చేసుకుని నడుస్తుంది. ఏరు దాటేటప్పుడు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడం లాంటిదని డాక్టరు చెప్పింది. అయితే ఎవరిది పడితే వాళ్ళది కుదరదు. ఏళ్ళ తరబడి పేషెంటుతో పాటు ఒకే వేళకి నిద్రపోయి, ఒకే వేళకి లేచిన మనిషై ఉండాలి.

ముందు వీర్రాజుకి కట్టి చూశారు. డ్యూటీలు మారీ మారీ అతని నిద్రకి ఒక వేళా పాళా లేకుండా పోయింది, తల్లితో ఏ మాత్రం కలవలేదు. ఝాన్సీకి కట్టగానే డాక్టరు చేతిలోని తెర మీద రెండు గీతలు ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చున్నాయి. తల్లీకూతుళ్ళకి కూడా ఇంత బాగా కుదరడం చూడలేదని డాక్టరు ఆశ్చర్యపోయింది.

"ఈవిడకీ నాకూ కుదిరిందా?" అంది ఝాన్సీ. "మీ మిషనుకేదో అయ్యింది మేడం, ఓసారి రిపేరుకివ్వండి."

మాణిక్యమ్మకి నొప్పిలోనూ నవ్వొచ్చింది. ఇది కట్టుకుంటే నాకేమైనా అవుతుందా అని ఝాన్సీ అడిగింది. కాస్త అలసటగా ఉంటుంది, అంతేనని డాక్టరు చెప్పింది. అలసట మాకేం కొత్తండి అని ఝాన్సీ నుదురు ముందుకు పెట్టింది.

డాక్టరు ఇంకొక మాట కూడా చెప్పింది. డెలీరియం రెండు రకాలుగా వస్తుందట. అరిచి గోల చేస్తే అందరూ పరిగెత్తుకొస్తారు. రెండో రకంలో మనిషి ఉలుకూ పలుకూ లేకుండా, పిలిస్తే ఎప్పటికో పలుకుతూ పడి ఉంటుంది. అందరూ బుద్ధిగా ఉందని సంతోషిస్తారు. "నాకు ఆ రెండోదంటేనే ఎక్కువ భయం," అంది రెహానా.

ఆపరేషను బాగా జరిగింది. మాణిక్యమ్మ కళ్ళు తెరిచేసరికి నుదుటి మీద పట్టీ ఉంది, పక్క కుర్చీలో ఝాన్సీ ఉంది, తను ఎక్కడుందో ఎందుకుందో స్పష్టంగా తెలుస్తోంది. గోడ మీద తేళ్ళు లేవు. రోజూ పొద్దున్న రెహానా వచ్చి, శనివారం దగ్గర్నుంచి వారాలు వెనక్కి చెప్పమనేది. తెలివి నిలకడగా ఉంటే తప్ప అలా చెప్పలేరట. మాణిక్యమ్మ గడగడా చెప్పేసేది. ఒకరోజు హైదరాబాదు నుంచి పెద్ద డాక్టర్లు వచ్చి, ఆవిడ చేత రెండుసార్లు చెప్పించుకుని, రెహానా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళారు. వార్డులో ఉన్న ఆరుగురు ముసలివాళ్ళకీ పట్టీలున్నాయి. కేకల్లేవు, కట్లు లేవు. సిస్టర్లు కూర్చుని మధ్యాహ్నం అన్నం తినగలుగుతున్నామని చెప్పుకున్నారు.

పట్టీ ఉంది కదా అన్న మాట అక్కడ అందరి నోటా ఊతపదమైపోయింది. మాణిక్యమ్మ కళ్ళజోడు సంచీ అడుగునే ఉండిపోయింది. ఎడమ చెవికి పెట్టుకునే మిషను ఇంట్లో మర్చిపోయి వస్తే, వీర్రాజు రేపు తెస్తానంటూనే ఉన్నాడు. ఏసీ చల్లదనం పోతుందని కిటికీల తెరలు మూసే ఉంచారు, పగలేదో రాత్రేదో తెలీదు. మూత్రం గొట్టం తీసేసి నడిపించాలని మొదట్లో అన్నారు, తరవాత ఆ ఊసే లేదు. రాత్రిళ్ళు నిద్ర మాత్ర ఒకటి వేస్తున్నారు. పేషెంటు తెలివిగానే ఉంది కాబట్టి ఎవరికీ తొందర లేదు.

కుర్చీలో ఉన్న మనిషి మాత్రం తరిగిపోతూ వచ్చింది. మొదటి రోజు ఝాన్సీ ఆసుపత్రి ఇడ్లీని చేత్తో ఎగరేసి పట్టుకుని, దీంతో క్రికెట్టు ఆడుకోవచ్చండి అత్తయ్యగారూ అంది. తరవాత ఆ హాస్యాలు తగ్గాయి. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పడం, ఆ తరవాత తల ఊపడం. నిద్ర చాలలేదని మాణిక్యమ్మ సరిపెట్టుకుంది. మళ్ళీ మనసు ఊరుకోక కయ్యానికి కాలు దువ్వింది. నీ పచ్చడి తిని తిని నా నోరు చచ్చిపోయింది గానీ, ఈ ఆసుపత్రి పచ్చడి అమృతంలా ఉందే అంది. ఈ మాట ఇంట్లో అని ఉంటే ఆ పూట పొయ్యి వెలిగేది కాదు.

"అవునండి," అంది ఝాన్సీ.

మాణిక్యమ్మ అప్పట్నుంచీ కోడల్ని కనిపెట్టుకుని చూసింది. ఝాన్సీ వేళ్ళు చీర అంచులోంచి లేని దారాలు లాగుతున్నాయి. ఉండుండి నేల వంక చూసి రెండు కాళ్ళూ పైకి ఎత్తుకుంటోంది. ఏంటే అని అడిగితే, పిండి తుడవలేదండి అని చాలా మెల్లిగా చెప్పింది. నేల అద్దంలా ఉంది.

సాయంత్రం వీర్రాజు వచ్చినప్పుడు చెప్పింది. అలిసిపోయిందమ్మా, ఇంటికెళ్తే మామూలైపోద్ది అన్నాడతను. ఆ ప్రశాంతత అతనికి హాయిగానే ఉన్నట్టుంది. సిస్టరుకి చెప్పింది. అంత ఓపికమంతురాలికి దిష్టి పెట్టకండమ్మా అని నవ్వేసి పోయింది. ముసలావిడ కోడలి మీద చాడీలు చెబుతోందనుకున్నారు. అత్త మాట కదా మరి, ఎవరు నమ్ముతారు?

మర్నాడు రెహానా వచ్చి అలవాటుగా మొదలుపెట్టబోయింది. మాణిక్యమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇయ్యాల నన్నొద్దు మేడం. ఆ వారాలేవో మా కోడల్ని అడగండి."

రెహానా ముందు నవ్వింది. ఆవిడ మొహం చూసి నవ్వు ఆపుకుని ఝాన్సీ వైపు తిరిగింది. శనివారం నుంచి వెనక్కి చెప్పమని అడిగింది. ఝాన్సీ చాలాసేపు ఊరుకుంది. తరవాత శనివారం అంది. ఆదివారం అంది. సోమవారం అని ఆగిపోయింది. మళ్ళీ శనివారం అంది. అప్పుడు డాక్టరు చెప్పుల వంక చూసి, భయంగా చెయ్యి చాపింది.

"అటు అడుగెయ్యకండి. పిండి ఒలికింది, జారతారు."

రెహానా ఎదురు మంచం దగ్గరికి వెళ్ళింది. ఆ ముసలాయన పక్కన కుర్చీలో ఆయన భార్య ఉంది, ఆవిడ కూడా ఎప్పుడూ నోరెత్తదు. ఆవిడని అడిగింది. ఆవిడ నవ్వి, పైట చెంగు నలుపుకుంటూ ఉండిపోయింది. ఆ పక్క మంచం దగ్గర కూతురు. ఆ పక్కన ఇంకో కోడలు. రెహానా ఒక్కొక్క కుర్చీ దగ్గరా ఆగి, అదే ప్రశ్న అడుగుతూ, అడుగడుక్కీ నెమ్మదిస్తూ వార్డు చివరిదాకా వెళ్ళింది. ఆ కుర్చీల్లో అందరూ ఆడవాళ్ళే. అలిసిపోయి మాట్లాడకుండా కూర్చున్న ఆడమనిషిని చూసి ఎవరైనా ఏమనుకుంటారు? మంచి మనిషి అనుకుంటారు. అందరూ అలాగే అనుకున్నారు.

తిరిగొచ్చేసరికి రెహానా మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మంచాల మీద ఉన్నవాళ్ళనే లెక్కపెట్టామమ్మా," అంది. "కుర్చీల్లో ఉన్నవాళ్ళని ఒక్కరోజు కూడా పరీక్ష చెయ్యలేదు."

పట్టీ ఒకవైపే పనిచేస్తుందనుకున్నారు. అది ఒకవైపు లయని తెచ్చి, రెండోవైపు తడబాటుని మోసుకుపోతోంది. మాణిక్యమ్మకి రావలసిన సంధి ఎక్కడికీ పోలేదు. ఝాన్సీకి వచ్చింది.

కబురందుకుని వీర్రాజు డ్యూటీ మధ్యలో వచ్చాడు. రెహానా ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పింది. పట్టీ తీసేసి కంటినిండా నిద్రపోతే ఝాన్సీ కోలుకోవచ్చు. ఎంతకాలం ఉంచితే అంత కష్టం. కానీ పట్టీ తీస్తే మాణిక్యమ్మకి ఇన్నాళ్ళూ ఆపిందంతా ఒక్కసారి మీద పడుతుంది. ఆ వయసులో అలా సంధిలోకి వెళ్ళినవాళ్ళు చాలామంది తిరిగొస్తారు గానీ, కొందరు పూర్తిగా రారు. రెండు మూడు రోజుల్లో కొంచెం కొంచెంగా తగ్గించి చూద్దామా, పైవాళ్ళనీ ఒకసారి అడుగుతాను అని ఆమె నీళ్ళు నమిలింది. ఆమె ఏళ్ళ కష్టం ఆ గుడ్డ పట్టీల్లో ఉంది, పాపం, ఆ గొంతులో అది తెలుస్తూనే ఉంది.

వీర్రాజు భార్యని చూశాడు, తల్లిని చూశాడు. చివరికి, రెండ్రోజులేగా అమ్మా, అది నీకన్నా చిన్నది, తట్టుకుంటాది అన్నాడు. ఝాన్సీని అడిగితే, ఉంచండి అని తల ఊపింది. ఇప్పుడు ఆమెని ఏది అడిగినా తలే ఊపుతుంది.

మాణిక్యమ్మకి ఏడుపొచ్చింది. నాగరత్నం గుర్తొచ్చింది, మణికట్లు గుర్తొచ్చాయి. ఈ పట్టీ ఉన్నంతసేపూ తను మాణిక్యమ్మే. తీసిన తరవాత ఏమవుతుందో చెప్పే నాథుడు లేడు. ఇంకొక్క రోజు ఇలా తెలివిగా ఉంటే బాగుండునన్న ఆశ ఎంత గట్టిగా ఉందంటే, ఆవిడకి సిగ్గేసింది.

"నువ్వు నా కొడుకువి, నన్ను వదులుకోలేవు," అంది వీర్రాజుతో. "మరి దాన్ని ఎవరు పట్టించుకుంటారురా? ఇప్పుడు నేను మాట్టాడే తెలివి నాది కాదు, దానిది. దాని నెత్తిలోంచి తీసుకుని నేను పెద్దమనిషిలా కబుర్లు చెప్తున్నాను."

ఆవిడ అతని చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"ఇను. నా కళ్ళజోడు సంచీలో ఉంది, పెట్టు. చెవి మిషను ఇప్పుడే ఎవరిచేతనైనా తెప్పించు. ఆ తెరలు తీయించు, నాకు ఎండ కనపడాలి. తేళ్ళున్నాయని నేనంటే లేవని వాదించకు. నువ్వెవరో తెలీదన్నా లేచిపోకు. కూర్చో. నా చేతులు మాత్రం కట్టనివ్వకురా అయ్యా."

వీర్రాజు తల వంచుకుని అలాగేనన్నాడు. డ్యూటీకి రానని అక్కడ్నుంచే ఫోను చేసి చెప్పాడు. రెహానా తనే వెళ్ళి కిటికీ తెర లాగింది. మందుల చీటీలోంచి నిద్ర మాత్ర కొట్టేసింది, మూత్రం గొట్టం తీయించింది, వీలైతే సాయంత్రమే నిలబెట్టి రెండడుగులు వేయిద్దామంది. "పట్టీలు రాకముందు ఇవన్నీ మేమే చేసేవాళ్ళం," అని ఎవరితోనో చెబుతున్నట్టు అనుకుంది. పైవాళ్ళకి ఫోను చేస్తానన్న మనిషి ఆ ఫోను జేబులోనే ఉంచేసి, ఝాన్సీ తల వెనక ముడి విప్పడానికి వంగింది.

ఆ ముడి ఇంకా విడకముందే మాణిక్యమ్మ తన నుదుటి మీద పట్టీ తనే పీకేసింది.

మొదట ఏమీ కాలేదు. ఝాన్సీని పక్కన ఒక మంచం వేయించి పడుకోబెట్టారు, ఆమె తల ఆనించగానే నిద్రపోయింది. మాణిక్యమ్మ కొడుకు చేత కళ్ళజోడు తుడిపించుకుని పెట్టుకుంది. చారన్నం నాలుగు ముద్దలు తింది. కిటికీలోంచి దూరంగా పోర్టు క్రేన్లు కనపడుతున్నాయి. వాటిలో నీది ఏదిరా అని అడిగింది, అతను చూపించాడు. పట్టీ తీస్తే ఇంతేనా అనుకుంది.

ఎండ వాలుతుండగా క్రేన్లు కదిలాయి. పక్షుల్లా మెడలు వంచి కిటికీలోకి చూశాయి. అవి క్రేన్లేనని ఆవిడ తనకి తాను చెప్పుకుంది. గోడ మీద ఏదో పాకింది. తేలు కాదు, లేదని తెలుసు, నాగరత్నానికి కనపడింది నాకు కనపడదు అనుకుంది. రెండోసారి పాకినప్పుడు ఆ మాట గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు పట్టింది. మూడోసారి గుర్తు రాలేదు. ఆవిడ కేకేసింది. ఎవరో వచ్చి చెయ్యి పట్టుకున్నారు. లాగేసుకుని తిట్టింది. ఆ మనిషి మళ్ళీ పట్టుకున్నాడు.

ఒళ్ళు భారీగా ఉన్న మగవాడెవరో. అతనికి వేరే పని లేనట్టుంది. నేనమ్మా వీర్రాజుని, కాకినాడ ఆసుపత్రిలో ఉన్నావు, కాలికి ఆపరేషనైంది, సాయంత్రమైంది అని అంటూనే ఉన్నాడు. చెప్పినదే చెబుతున్నాడు, విసుక్కోవడం లేదు. వీర్రాజు అంటే బళ్ళో చదువుకుంటున్న పిల్లాడు కదా, ఇతనెవరు? అడుగుదామనుకుని మర్చిపోయింది. అతను నీళ్ళు తాగించాడు. దాహం తీరింది కాబట్టి ఇతను దొంగ కాకపోవచ్చు అనుకుంది.

చక్రాల బల్ల తోసుకుంటూ గలగలమని ఒక సిస్టరు వచ్చింది. పక్క మంచం దగ్గర ఆగి, అక్కడ పడుకున్న మనిషి భుజం మీద చెయ్యి వేయబోయింది. మాణిక్యమ్మ అటు తిరిగి చూసింది. ఎవరో ఆడమనిషి. జుట్టంతా రేగిపోయి, నోరు కొంచెం తెరుచుకుని, ఒక చెయ్యి మంచం మీంచి వేలాడుతోంది. వేళ్ళ చివర్లు పొయ్యి దగ్గర కాలినట్టు నల్లగా ఉన్నాయి. ఎవరి పిల్లో, ఏ ఊరో, ఇక్కడికెందుకు వచ్చిందో ఎంత ఆలోచించినా తెలియలేదు. ఎప్పుడూ చూసిన మొహం కాదు.

ఆవిడ ఆ మగవాడి చెయ్యి గట్టిగా పట్టుకుని లేవబోయింది.

"ఆ సిస్టర్ని ఆపండి బాబూ," అంది. "ఎవరో గానీ బాగా అలిసిపోయింది. ఆ పిల్లని పడుకోనివ్వండి."